వేదిక ఎక్కితే వణుకు, కీబోర్డు ముందు కూర్చుంటే ఆనందం: నాలో సంగీతం ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న క్లుప్తంగా: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి అడిగింది. ఎనిమిదో ఏట నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది, ఆరు శ్రుతిలో పాడుతుంది (శ్రుతి అంటే గొంతుకి ఆధారమైన 'స' ఎత్తు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది). మొన్న దసరాల్లో గుడి వేదిక మీద పాడుతుంటే కాలం (పాట నడక) పరుగెత్తిందట, తారస్థాయి పంచమం (పై స్థాయి 'ప') దగ్గర గొంతు పట్టేసిందట, చరణం మధ్యలో సాహిత్యం మరిచిపోయిందట. అప్పటి నుంచి కచేరీ మాటెత్తితే టెన్షన్. కానీ రాత్రిళ్లు మావయ్య కొనిచ్చిన కీబోర్డు మీద సొంత బాణీలు కడుతూ ఫోన్లో రికార్డు చేసుకుంటోంది. గురువుగారికి తెలిస్తే బాధపడతారని దాచింది. "ఇన్నేళ్లు నేర్పించింది ఇందుకా" అని అమ్మగారి బాధ. నాలో నిజంగా సంగీతం ఉందా అన్నది ఆ అమ్మాయి అడిగిన ఆఖరి మాట.

సమాధానం:

అమ్మా, ఆ ఆఖరి మాటకే ముందు జవాబు చెబుతాను. ఎవరూ అడగకపోయినా, ఎవరూ వినకపోయినా, పుస్తకాలు పక్కన పెట్టాక నిద్ర ఆపుకుని బాణీ కడుతున్న పిల్లలో సంగీతం ఉందా అన్న అనుమానం నాకు రాదు. నేర్చుకోవడం, పదిమంది ముందు పాడటం, సొంతంగా కట్టడం మూడు వేరు వేరు పనులు. మూడూ ఒకే వేగంతో పెరగవు. నువ్వు రెండోదాంట్లో తడబడి, ఆ తీర్పును మొదటిదాని మీదా మూడోదాని మీదా కూడా రాసేసుకున్నావు.

నేను వయొలిన్ వాయిస్తాను. గోదావరి జిల్లాల్లో చాలా ఏళ్లుగా పక్కవాద్యానికి వెళ్తున్నాను, పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. కొత్తగా వేదిక ఎక్కిన పిల్లల పక్కన కూర్చున్నప్పుడు వాళ్ల భయం నాకు గొంతులో కంటే ముందు తాళం వేసే చేతిలో కనిపిస్తుంది. తొడ మీద పడే దెబ్బ గట్టిదవుతుంది, వేళ్లు లెక్కపెట్టడం తొందరవుతుంది. మృదంగం ఆయన నా వైపు ఒకసారి చూస్తారు. ఇద్దరం కొంచెం వెనక్కి పట్టి కాలాన్ని నిలబెట్టడానికి చూస్తాం. గుండె వేగం పెరిగినప్పుడు మామూలు కాలప్రమాణం మనకి నత్తనడకగా అనిపిస్తుంది, అందుకే తెలియకుండానే పరుగెత్తుతాం. ఊపిరి పైపైనే ఆడుతుంది కాబట్టి దీర్ఘంగా నిలపాల్సిన స్వరం వణుకుతుంది, నోరు ఎండిపోతుంది. ఇవన్నీ ఒంటి లక్షణాలు. పెద్ద విద్వాంసులకీ వస్తాయి. వాళ్లకు తేడా ఒక్కటే, ఆ వణుకు వచ్చినప్పుడు ఏం చేయాలో వాళ్ల ఒంటికి అలవాటై ఉంటుంది.

ఇక నువ్వు రాసినదాంట్లో నన్ను ఆపింది శ్రుతి. ఎనిమిదేళ్లప్పుడు ఆరు శ్రుతిలో మొదలుపెట్టావు, 17 ఏళ్లకీ అదే ఆరు. మగపిల్లల గొంతు మారితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది కాబట్టి వాళ్ల శ్రుతి దించేస్తారు. ఆడపిల్లలకీ ఆ వయసులో గొంతు కొంత మారుతుంది, బరువెక్కుతుంది. మార్పు చిన్నది కావడం వల్ల ఎవరూ పట్టించుకోరు. పాత శ్రుతిలోనే లాగించేస్తూ ఉంటారు. ఇంట్లో నెమ్మదిగా, గొంతు వేడెక్కాక పాడితే సరిపోతుంది. వేదిక మీద ఊపిరి తగ్గి, మెడ బిగుసుకున్నప్పుడు తారస్థాయి పంచమం దగ్గర పట్టేస్తుంది. ఎక్కువమంది ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్యలో పాడతారు. ఆరు తప్పని కాదు, కొందరికి హాయిగానే ఉంటుంది. కానీ నువ్వు ఐదున్నర, ఐదు రెండూ చూడాలి. మంద్ర పంచమం, అంటే కింది స్థాయి 'ప', స్పష్టంగా పలికి, తార పంచమం అరవకుండా అందితే అది నీ శ్రుతి. శ్రుతి దించితే స్థాయి తగ్గినట్టు అని కొందరు పిల్లలు చిన్నబోతారు. అలాంటిదేమీ లేదు.

సాహిత్యం మరిచిపోవడం గురించి. మనం కృతులు వింటూ, మొదటి నుంచి చివరి దాకా ఒకే వరసలో నేర్చుకుంటాం. ఒక పదం జారితే దాని తర్వాతది దొరకదు, ఎందుకంటే దాన్ని విడిగా ఎప్పుడూ పట్టుకోలేదు. కాబట్టి ఇంట్లో అమ్మ చేతికి సాహిత్యం పుస్తకం ఇచ్చి, ఎక్కడినుంచైనా ఒక పంక్తి చెప్పమను. తాళం వేస్తూ అక్కడ్నుంచి అందుకో. రోజూ ఐదు నిమిషాలు చాలు. పాడకుండా సాహిత్యాన్ని కాగితం మీద రాసి చూడు, ఏ పదం దగ్గర చెయ్యి ఆగిందో వేదిక మీదా అక్కడే ఆగుతుంది. పదం పదానికీ అర్థం తెలుసుకో. త్యాగరాజస్వామి రాసింది ఎక్కువగా తెలుగులో, మన మాటల్లో. తెలుగు రాని గాయకులు ఎందరో ఆ సాహిత్యాన్ని అక్షరాలుగా కంఠస్థం చేసి పాడుతున్నారు. మనకి అర్థం అనే ఆధారం ఊరికే దొరికింది, దాన్ని వాడుకోకపోవడం అన్యాయం.

అయినా మరిచిపోతే? పల్లవి అందుకో. ఆకారంతో, అంటే 'ఆ' అంటూ, ఆ పంక్తిని నింపేసి తాళం వదలకుండా సాగు. వయొలిన్ వాళ్లు ఆ పంక్తి వాయించి అందిస్తారు, దానికే మేం అక్కడ కూర్చున్నాం. ఆగిపోయి, నాలుక కరుచుకుని, అమ్మ వైపు చూస్తేనే ముందు వరసకి తెలుస్తుంది. వినేవాళ్లలో చాలామంది ఆ రోజు రాగం ఎలా ఉందో గుర్తుపెట్టుకుంటారు, నీ చరణంలో ఏ పదం పోయిందో కాదు.

వేదిక దగ్గర చేయదగిన చిన్న పనులున్నాయి. కచేరీకి నెల ముందు నుంచి ఇంక కొత్త కృతి పెట్టుకోకు. మొదట వర్ణమే పాడు, కళ్లు మూసుకున్నా వచ్చే వర్ణం. వర్ణంతో కచేరీ మొదలుపెట్టే పద్ధతికి పేరు తెచ్చింది గాత్ర విద్వాంసులు అరియక్కుడి రామానుజ అయ్యంగారు. గొంతుకీ చేతికీ లయ కుదురుకోవడానికి అంత మంచి పద్ధతి ఇంకోటి లేదు. శ్రుతిపెట్టె నీ చెవికి దగ్గరగా ఉండాలి. మైకు వాళ్లని మానిటర్ స్పీకర్ నీ వైపు తిప్పమని మొహమాటం లేకుండా అడుగు. నీ గొంతు నీకు వినపడకపోతే అరుస్తావు, అరిస్తే శ్రుతి పైకి జరుగుతుంది. గుడి ఉత్సవాల్లో జరిగే ఇబ్బందుల్లో సగం దీనివల్లే. కాఫీ, ఐస్ వాటర్ వద్దు, గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకో. ఇంకో మాట, ఏడాదికోసారి దసరాకో త్యాగరాజ ఆరాధనకో మాత్రమే వేదిక ఎక్కితే అది ఎప్పటికీ పరీక్షలాగే ఉంటుంది. ప్రతి ఆదివారం ఇంట్లో ఇద్దరు ముగ్గురి ముందు, పట్టుచీర కట్టుకోకుండా, మైకు లేకుండా ఒక్క కృతి పాడు. పక్కింటి వాళ్లు చాలు, తమ్ముడున్నా చాలు. తప్పు పోయినా ఆపకుండా పూర్తి చేయడమే నియమం.

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన భాగానికి వస్తాను, నీ కీబోర్డు.

నువ్వు దాన్ని దొంగతనంలా రాశావు. మన సంగీతంలో దానికి గౌరవమైన పేరుంది, మనోధర్మం. ఆలాపన, నెరవలు, కల్పనస్వరం, తానం, ఇవన్నీ అక్కడికక్కడ కట్టుకునేవే. కచేరీలో విద్వాంసుణ్ని విద్వాంసుడిగా నిలబెట్టేది అదే. మన పాఠం సరళీ స్వరాలు, జంటలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, కృతులు అని ఒక క్రమంలో నడుస్తుంది. మంచి క్రమం అది, దాన్ని నేను చాలా గౌరవిస్తాను. కానీ ఆ క్రమంలో మనోధర్మం చివరికి వస్తుంది. చాలామంది పిల్లలకి తొమ్మిదేళ్లు నేర్చుకున్నా ఒక్క పలుకు సొంతంగా పాడే అవకాశం రాదు. వాళ్లకి తెలిసిందల్లా ఇచ్చింది అప్పజెప్పడం. అప్పజెప్పేటప్పుడు తప్పు మాత్రమే ఉంటుంది, ఆనందానికి చోటు తక్కువ. అలాంటి పిల్లలు వేదిక మీద వణికితే నాకు ఆశ్చర్యం లేదు. సొంతంగా రెండు ఆవర్తాల (తాళం ఒక చుట్టు ఒక ఆవర్తం) స్వరం కట్టి పాడగలిగిన పిల్లలకి మరిచిపోవడమంటే భయం తగ్గుతుంది. సాహిత్యం పోయినా రాగం చేతిలో ఉందన్న ధైర్యం వస్తుంది వాళ్లకి. నా పాఠాల్లో ఇది మళ్లీ మళ్లీ చూశాను. అందుకే నీ రెండు బాధలకీ మందు ఒకటేనని నా నమ్మకం. రాత్రి చేస్తున్న పనిని పగటి సాధనలోకి తెచ్చుకో.

ఎలాగంటే, కీబోర్డు మీద నల్లమెట్లు మాత్రమే తీసుకో. ఒక స్థాయిలో ఐదుంటాయి, రెండు ఒకచోట, మూడు ఒకచోట. ఆ మూడింటిలో మొదటిదాన్ని షడ్జమం, అంటే 'స', అనుకుని పైకి వాయించు, మోహన రాగం వస్తుంది. పక్కనున్న నల్లమెట్టును షడ్జమం చేసుకుంటే మధ్యమావతి. దాని తర్వాతది షడ్జమమైతే హిందోళం. తర్వాతది, అంటే రెండు ఉన్న గుంపులో మొదటిది, శుద్ధసావేరి. చివరిది శుద్ధధన్యాసి. మెట్లు అవే ఐదు, ఆధారం మారితే ఐదు రాగాలు. దీన్ని గ్రహభేదం అంటారు. చదివి వదిలేయకు. తంబూరా యాప్‌లో ఆ మెట్టుకి సరిపోయే శ్రుతి పెట్టుకుని ఒక్కో రాగంలో కొంతసేపు ఉండు. షడ్జమం కదిలితే అదే స్వరం ఎంత వేరుగా పలుకుతుందో నీ చెవికే తెలియాలి. ఆ తర్వాత బాణీ కడితే అది ఎక్కడ నిలబడుతోందో నీకు తెలుస్తుంది.

తర్వాత కీబోర్డు మూసి గొంతుతో పాడు. ఇది ముఖ్యం. కీబోర్డులో స్వరాలు మెట్లు మెట్లుగా ఉంటాయి, మధ్య దారి ఉండదు. తోడిలో గాంధారం, శంకరాభరణంలో మధ్యమం ఒక చోట నిలిచి ఉండేవి కావు, కదులుతూనే వాటి రూపం. కీబోర్డు మీద తోడి మెట్లన్నీ సరిగ్గా నొక్కినా తోడి రాదు. పిచ్ బెండ్ చక్రం తిప్పుతూ ఆ కదలికల్ని, అంటే గమకాల్ని, పలికించేవాళ్లున్నారు, ఆ నేర్పు వేరే. నీకు గొంతు ఉంది కాబట్టి బాణీ కీబోర్డు మీద పుట్టినా దాన్ని పెంచడం గొంతుతోనే చెయ్యి. ఫోన్లో బ్యాండ్‌ల్యాబ్ లాంటి యాప్‌లో రికార్డు చేసేటప్పుడు ఆటోట్యూన్ పెట్టకు. అది గమకాన్ని తప్పుగా లెక్కగట్టి దగ్గరలోని స్వరానికి లాగేస్తుంది. కొన్నాళ్లు అది వాడితే నీ అసలు గొంతు నీకే నచ్చకుండా పోతుంది. ఇది నేను చాలా గట్టిగా చెప్పే మాట.

ఇంకో గట్టి మాట. కట్టిన ప్రతి బాణీనీ రీల్ చేసి పెట్టకు. కొన్ని నెలలు నీ దగ్గరే ఉంచుకో. వారం తర్వాత మళ్లీ విను, అప్పటికీ నచ్చితే ఉంచు, లేకపోతే మార్చు. లైకులు చూడటం మొదలుపెడితే ఆ రాత్రి కీబోర్డు కూడా ఇంకో వేదిక అయిపోతుంది. ఇంత భయంలోనూ నీకు మిగిలిన చోటు అదొక్కటే, దాన్ని అలా పోగొట్టుకోవద్దు.

మాండలిన్ శ్రీనివాస్ గారి సంగతి నీకు చెప్పాలి. 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని వాద్యం మీద వెతుక్కునేవాడు. మామూలు మాండలిన్ మీద నాదం తొందరగా ఆరిపోతుంది, గమకం నిలవదు. అందుకని ఆయన జంట తీగలు వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారారు. పరాయి వాద్యం మీద, కరెంటుతో, కర్ణాటక సంగీతమేమిటని అన్నవాళ్లు లేకపోలేదు. తర్వాత అదే కచేరీ వాద్యమైంది. ఆయన వాద్యాన్ని మార్చుకున్నది గమకం కోసం. కీబోర్డు మీద నీకు ఏదో తక్కువగా అనిపించినప్పుడు నువ్వూ అలాగే వెతుకు, కావలసిన పలుకు ముందు గొంతులో పట్టుకుని.

బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్లకే విజయవాడలో పూర్తి కచేరీ చేశారు, టీనేజీలోనే 72 మేళకర్త (మూల) రాగాల్లోనూ కృతులు రచించారు. ఇంట్లో ఇలాంటి కథలు పిల్లల్ని పోల్చడానికి వాడతారు, అందుకు నేను ఒప్పుకోను. అలాంటివాళ్లు అరుదు. నువ్వు ఈ కథలో చూడవలసింది వయసు కాదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర కఠినమైన సంప్రదాయ పాఠం, సొంత రచన, రెండూ ఒకే పిల్లవాడిలో ఒకే కాలంలో నడిచాయి. ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో శాస్త్రీయంగా నేర్చుకుని, తర్వాత సినిమాకి బాణీలు కట్టారు. ఆయన పాటలు విని ఆ చదువు వృథా అయిందని అనగలవాళ్లు తెలుగునాట లేరు. బాణీలు కట్టడమంటే గురువును వదిలేయడమని నీ మనసులో ఎలా పడిందో గాని, మన చరిత్ర అలా లేదు.

గురువుగారికి ఎలా చెప్పాలి? "నేను సొంతంగా పాటలు కడుతున్నానండీ" అని మొదలుపెట్టకు, అది నిర్ణయం చెప్పినట్టు ఉంటుంది. నీకు బాగా వచ్చిన ఆదితాళం కృతి ఒకటి తీసుకో, మోహనంలోదో మధ్యమావతిలోదో. దానికి రెండు ఆవర్తాల చిట్టస్వరం, అంటే కృతిలో పాడే ముందే కట్టిన స్వరాల వరస, కట్టు. దెబ్బకి నాలుగు చొప్పున ఆవర్తానికి 32 అక్షరాలు, రెండు ఆవర్తాలకి 64. కార్వైలు (స్వరాన్ని సాగదీసి నిలపడం) పెట్టుకోవచ్చు, అన్నీ నింపక్కర్లేదు. పల్లవి ఎత్తుగడకి హాయిగా చేరేలా ముగించు. ఎత్తుగడ గాంధారం మీదుంటే రిషభం మీదో పంచమం మీదో వదిలితే అందుకోవడం తేలిక. దాన్ని పుస్తకంలో రాసుకుని, పాఠం అయ్యాక "ఇది నేను కట్టానండీ, తప్పులుంటే దిద్దుతారా?" అని అడుగు. నాకు తెలిసిన గురువుల్లో ఈ మాట విని కోప్పడినవాళ్లు లేరు. రాగంలో పడని ప్రయోగం ఉంటే కొట్టేస్తారు, ఇంకోటి రాసుకురమ్మంటారు. ఆయనకి అప్పుడు నీలో ఏం నడుస్తోందో తెలుస్తుంది. ఆ తర్వాత నీ మిగతా బాణీల సంగతి చెప్పడం కష్టం కాదు. శ్రుతి మార్చడం కూడా ఆయనతో మాట్లాడే చేయాలి, నీ అంతట నువ్వు కాదు.

ఇక అమ్మగారికి నా తరఫున ఒక మాట చూపించు. అమ్మా, తొమ్మిదేళ్లలో మీ పాపకి చెవి తయారైంది. అది కచేరీలు చేసినా చేయకపోయినా పోదు. ఈ ఏడాది ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ఉన్నాయి కాబట్టి సాధన అరగంటకి తగ్గినా భయపడకండి. పది నిమిషాలు ఆకారం, పది నిమిషాలు వర్ణం రెండు కాలాల్లో (రెండు వేగాల్లో), మిగతాది తన ఇష్టం. ఆ "ఇష్టం" అన్నదాంట్లోకి దయచేసి మీరు వెళ్లకండి. వేదిక మీద పాడమని ఈ సంవత్సరం బలవంతం చేయకండి. పాడతానంటే ఆపకండి.

ముందు ముందు దారులు మూసుకుపోవు. నువ్వు ఇంజినీరింగ్‌కి వెళ్లినా సాయంత్రాల్లో సంగీత కళాశాలల సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు చూసుకోవచ్చు. ఆకాశవాణి 16 నుంచి 24 ఏళ్ల వారికి సంగీత పోటీలు పెడుతుంది, ఆడిషన్ ద్వారా గ్రేడులు కూడా ఇస్తుంది. జనం ముందు వణికే పిల్లలకి ఆడిషన్ మంచి మెట్టు. అక్కడ ఎదురుగా జనం ఉండరు, మైకు ఒక్కటే ఉంటుంది. 18 నిండాక కేంద్ర సాంస్కృతిక శాఖ యువకళాకారుల స్కాలర్‌షిప్‌కి ప్రయత్నించు, 18 నుంచి 25 ఏళ్ల వారికి నెలకి 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. వయసు, తేదీలు ఆ ఏడాది ప్రకటన చూసుకుని దరఖాస్తు పెట్టాలి. కచేరీ గాయని అవ్వాలని లేకపోతే అవ్వకు. రికార్డింగులు, నాట్యానికి గాత్రం, సినిమాకి బాణీలు, పిల్లలకి పాఠాలు, ఇవన్నీ సంగీతంతో నిజాయితీగా బతికే దారులే. ఏది నీదో 17 ఏళ్లకి తేల్చుకోనక్కర్లేదు.

మొదట శ్రుతి చూడు. గురువుగారిని అడిగి ఐదున్నరలో రెండు మూడు వారాలు పాడి, తార పంచమం ఎలా పలుకుతోందో ఇక్కడే రాయి. మంద్రంలో ఎంతవరకు దిగగలుగుతున్నావో, వర్ణం రెండో కాలంలో ఊపిరి ఎక్కడ తెగుతోందో కూడా రాస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను. చిట్టస్వరం కట్టాక స్వరాలు టైప్ చేసి పెట్టు, చూస్తాను.